గెడ్డ మీద ఏప్రాన్: ఒక ప్రాంతీయ విమానాశ్రయ విస్తరణలో వాననీటి కేసు

విజయనగరం కేంద్రంగా వాననీటి పారుదల పనులు చేసే ఇంజనీరుగా నేను పాలుపంచుకున్న ఒక కేసును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది తూర్పు తీరంలోని ఒక ప్రాంతీయ అంతర్జాతీయ విమానాశ్రయ విస్తరణకు సంబంధించినది. విమానాశ్రయం పేరు, నిర్వాహక సంస్థ, పని జరిగిన సంవత్సరాలు, దిగువ ఊరి పేరు తీసివేశాను. కొలతలను దగ్గరి గుండ్రటి అంకెలకు సర్దాను. భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికీ ఈ కేసుకూ సంబంధం లేదు. అయితే 2023 మే 3న శంకుస్థాపన జరిగిన ఆ విమానాశ్రయం 3,800 మీటర్ల రన్‌వేతో, తొలి దశలోనే ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికుల కోసం రూపొందింది. అది దశలవారీగా పెరిగే కొద్దీ మన జిల్లా ఇంజనీర్లకు, రెవెన్యూ ఉద్యోగులకు, రైతులకు ఇలాంటి ప్రశ్నలే ఎదురు కావచ్చు. అందుకే ఈ అనుభవం కాగితం మీదికి రావాలనిపించింది. నేను చెప్పబోయే ఊరివాళ్లు కూడా మనలాగే వాగును గెడ్డ అనేవాళ్లు, చెరువు తూమును మదుము అనేవాళ్లు. ఏప్రాన్ అంటే విమానాలు నిలిపే కాంక్రీటు తలం.

నేపథ్యం

విమానాశ్రయానికి ఏడాదిలో వచ్చే ప్రయాణికుల సంఖ్య పత్రికల్లో కనిపిస్తుంది గానీ, కట్టడాల కొలతలను నిర్ణయించేది రద్దీ గంటలో ఎంతమంది వస్తారన్న లెక్క. ఏడాదికి 10 లక్షల నుంచి కోటి మంది వరకు వచ్చే విమానాశ్రయాలకు రద్దీ గంట ప్రయాణికులను ఏడాది సంఖ్యలో 0.05 శాతంగా తీసుకోవడం అమెరికా పౌర విమానయాన సంస్థ ఇచ్చిన పాత, సులువైన సూత్రం. దాని ప్రకారం 20 లక్షల మంది వచ్చే చోట రద్దీ గంటకు 1,000 మంది, 50 లక్షల మంది వచ్చే చోట 2,500 మంది ఉంటారు. మన ప్రాంతీయ మార్గాల్లో ఎక్కువగా తిరిగే 180 సీట్ల తరహా విమానం సగటున 150 మందితో వస్తుందనుకుంటే, 2,500 మందికి రాకపోకలు కలిపి గంటకు పదహారు పదిహేడు విమానాలు కావాలి. అంటే ఒకే గంటలో ఎనిమిది విమానాలు వచ్చి నిలవాలి. మేము పనిచేసిన చోట ఉన్న నిలుపు స్థలాలు ఇందుకు చాలలేదు కాబట్టి మరో ఎనిమిది కట్టాలని నిర్ణయించారు.

ఈ తరగతి విమానం రెక్కల వెడల్పు 36 మీటర్లకు లోపే ఉంటుంది. పక్క విమానానికి మధ్య 4.5 మీటర్ల ఖాళీ ఉండాలి. ముక్కు ముందున్న సేవా మార్గం, తోక వెనుకనున్న కదలిక దారి కలుపుకొంటే ఒక్కో నిలుపు స్థలానికి దాదాపు అర హెక్టారు కాంక్రీటు పడుతుంది. ఎనిమిదింటికి నాలుగు హెక్టార్లు. దానికి కొత్త టాక్సీవే (విమానాలు రన్‌వేకు వెళ్లే దారి), టెర్మినల్ పొడిగింపు కప్పు, కార్ల పార్కింగు, రోడ్లు కలిస్తే మొత్తం 12 హెక్టార్ల నేల మూసుకుపోతుంది. టెర్మినల్ లోపల చెకిన్ కౌంటర్లు ఎన్ని, భద్రతా తనిఖీ వరుసలు ఎన్ని అన్న చర్చ ఏడాదికి పైగా సాగింది. ఈ 12 హెక్టార్ల మీద పడే వాన ఎటు పోవాలన్న ప్రశ్నకు మాత్రం ప్రాజెక్టు నివేదికలో ఒకటిన్నర పేజీ దక్కింది.

నేల తీరు కూడా చెప్పాలి. పడమట చిన్న కొండలు, తూర్పున సముద్రం, మధ్యలో ఇసుక కలిసిన గరువు భూములు, వాటిలో జీడి, సరుగుడు, కొబ్బరి తోటలు. కొండల మీద పడిన వాన రెండు మూడు సన్నని గెడ్డలుగా దిగి, పల్లంలో వరి పొలాలకూ ఒక చెరువుకూ చేరి, మిగిలినది మొగ దగ్గర సముద్రంలో కలుస్తుంది. విమానాశ్రయం ఆ వాలుకు అడ్డంగా, తీరానికి సమాంతరంగా ఉంది. అంటే కొండ నీటికీ పల్లానికీ మధ్య అది ఒక పొడవాటి గట్టులా నిలిచింది.

కనబడిన సమస్య

విస్తరణలో టాక్సీవే, పార్కింగు పూర్తయిన ఏడాది అక్టోబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు వాన కురిసింది. ఏప్రాన్ అంచున నీరు నిలిచి కొన్ని గంటలు రెండు నిలుపు స్థలాలు వాడలేకపోయారు. రన్‌వే మీద 3 మిల్లీమీటర్లకు మించి నీరుంటే దాన్ని తడిగా కాక నిలిచిన నీరుగా పైలట్లకు చెప్పాలి కాబట్టి, రన్‌వే దాకా రాకపోయినా ఆ నీరు నిర్వాహకులను భయపెట్టింది. అదే రాత్రి తూర్పు వైపు ప్రహరీ గోడ ముప్పై మీటర్ల మేర కూలింది. పొట్ట మీదున్న వరి చేలు మూడు రోజులు మునిగాయి.

ఊరివాళ్లు గెడ్డను ఆక్రమించడం వల్లే నీరు వెనక్కి తన్నిందని విమానాశ్రయం వాళ్లు అన్నారు. విమానాశ్రయం తన నీటిని తమ మీదికి వదిలిందని ఊరివాళ్లు అన్నారు. నన్ను పిలిచింది ఆ తగాదా కలెక్టరు దాకా వెళ్లాక. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ గోడ కూలిన చోటికి వెళ్లి చూస్తే అసలు కారణం అక్కడే కనిపించింది. గోడలోంచి మనిషి దూరకుండా నీటి మార్గాలకు నిలువు ఊచలు బిగించడం భద్రతా నియమం. ఆ ఊచలకు సరుగుడు ఆకు, కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ సంచులు అల్లుకుపోయి మార్గం దాదాపు పూర్తిగా మూసుకుంది. గోడ ఆనకట్టగా మారింది. ఆనకట్టలా కట్టలేదు కాబట్టి కూలింది.

మొదటి ప్రయత్నం

మొదటి సలహా నాదే, అది తప్పింది. గోడలో మార్గాలను రెట్టింపు చేసి, లోపలి కాలువను వెడల్పు చేసి, నీటిని వీలైనంత త్వరగా గెడ్డలోకి దింపాలన్నాను. నా ఆలోచన విమానాశ్రయం లోపల నీరు నిలవకూడదన్న ఒక్క లక్ష్యం చుట్టూ తిరిగింది. లెక్క కూడా చేశాను. గంటకు 75 మిల్లీమీటర్ల వాన 12 హెక్టార్ల మీద పడితే, అది గడ్డి మొలిచిన ఇసుక నేల అయినప్పుడు ఐదో వంతే పారుతుంది, సెకనుకు 0.5 ఘనపు మీటర్లు. అదే కాంక్రీటు అయినప్పుడు పదింట తొమ్మిది వంతులు పారుతుంది, సెకనుకు 2.25 ఘనపు మీటర్లు. నాలుగున్నర రెట్లు. ఈ 2.25ను మోయగల కాలువ కట్టించాను. దిగువన ఉన్న గెడ్డ 0.5కు అలవాటు పడినదన్న సంగతిని మాత్రం నా పరిధిలోకి తీసుకోలేదు.

మరుసటి వానకు గోడ నిలబడింది, ఏప్రాన్ ఆరిపోయింది. ఊరి దగ్గర పంచాయతీ రోడ్డు కల్వర్టు కొట్టుకుపోయింది. అంతకుముందు గోడ వెనుక నిలిచిన నీరే అనుకోకుండా ఒక చెరువులా పనిచేసి వరదను ఆలస్యం చేసిందని అప్పుడు అర్థమైంది. నేను ఆ చెరువును తీసేశాను, దాని పని చేసే మరొకదాన్ని పెట్టలేదు. ఒక రోజు బడిపిల్లలు చుట్టుదారిన పోవాల్సి వచ్చింది. ప్రాణనష్టం లేకపోవడం మా అదృష్టం తప్ప మా జాగ్రత్త కాదు.

రెండో ప్రయత్నం

ఆలస్యం కావాలంటే నిల్వ కావాలి. 2.25 వచ్చి 0.5 మాత్రమే పోతే గంటలో 6,300 ఘనపు మీటర్లు మిగులుతుంది. ఒకటిన్నర మీటరు లోతున తవ్వితే ఎకరం పైచిలుకు స్థలం చాలు. విమానాశ్రయం ఆగ్నేయ మూలన ఆ కొలతతో చెరువు తవ్వించాం. వరద లెక్కలో అది సరిగ్గా పనిచేసింది.

కానీ అడుగు మట్టంలో పొరపాటు వల్ల చెరువులో ఎప్పుడూ మోకాలి లోతు నీరు మిగిలేది. రెండు నెలల్లో కప్పలు, చిన్న చేపలు చేరాయి. వాటి కోసం కొంగలు, గట్ల మీద తీతువులు, పైన గద్దలు వచ్చాయి. విమానాశ్రయంలో నీటి నిల్వ అంటే పక్షులకు పిలుపు. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల పరిధిలో జంతువులను వధించడాన్ని, చెత్త వేయడాన్ని 1937 నాటి విమాన నిబంధనల్లోని 91వ నియమం నిషేధించడానికి కారణం కూడా ఈ పక్షుల భయమే. అలాంటి చోట మేమే కంచె లోపల పక్షులకు మేత పెట్టినట్టయింది. పైలట్ల నుంచి పక్షుల నివేదికలు పెరగడంతో పరిసర నిర్వహణ కమిటీ సమావేశంలో ఆ చెరువును వెంటనే ఖాళీ చేయమన్నారు. అది సరైన ఆదేశం. విమానాశ్రయాల దగ్గర వాననీటి నిల్వ వాన వెలిసిన 48 గంటల్లోపు పూర్తిగా ఆరిపోవాలని అమెరికా సంస్థ మార్గదర్శకాల్లో ఉంది. నేను నీటిపారుదల చెరువుల మధ్య పని నేర్చుకున్నవాణ్ని. నీరు నిలవడం మంచిదనే భావన నా రక్తంలో ఉంది. ఇక్కడ ఆ భావన తలకిందులు కావాలి.

మూడో ఆలోచన, అది ఆగిన తీరు

తర్వాత నిర్వాహకుల వైపు నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. గెడ్డను వదిలేసి, విమానాశ్రయం చుట్టూ సిమెంటు కాలువ కట్టి, కొండ నీటినీ ఏప్రాన్ నీటినీ కలిపి నేరుగా సముద్రంలోకి దింపాలని. పొలాలు మునగవు, పక్షులు రావు, తగాదా ఉండదు. కాగితం మీద ఇంత శుభ్రమైన పరిష్కారం మరొకటి లేదు, నేనూ దాదాపు ఒప్పుకున్నాను.

ఆ ప్రతిపాదన చెప్పడానికి ఊళ్లో రామమందిరం దగ్గర సమావేశం పెట్టాం. వరద తప్పుతుందని వివరించాక, వెనుక వరుసలో కూర్చున్న ఒక మహిళా రైతు లేచి, "వరద తప్పించీసినారు బాబూ, మరి ఉభాలకి నీరెవులిస్తారు?" అని అడిగారు. మేమంతా అక్టోబరు నీటి గురించే ఆలోచిస్తున్నాం. ఆమె జూలై, ఆగస్టులో ఉభాలకు, అంటే వరి నాట్లకు, కావాల్సిన నీటి గురించి అడుగుతున్నారు. ఆ గెడ్డ ఆ ఊరి చెరువుకు తల్లి. తుపాను నెలల్లో పొలాన్ని ముంచే నీరే వానాకాలం మొదట్లో చెరువు నింపి నాట్లు పడేలా చేస్తుంది. గెడ్డను సముద్రానికి మళ్లిస్తే వరదతోపాటు వ్యవసాయం కూడా పోతుంది.

అదే సమావేశంలో చేపలు పట్టే ఒక యువకుడు రెండో అభ్యంతరం చెప్పాడు. మొగ దగ్గర ఇసుక మేట ఏడాదిలో చాలా నెలలు నోరు మూసేస్తుంది, వాళ్లే పారలతో కోసి తెరుస్తారు. అమావాస్య, పున్నమి పోటు మీద తుపాను గాలి తోడైతే సముద్రమే లోపలికి వస్తుంది. సిమెంటు కాలువ చివర ఏం జరుగుతుందో మా నమూనాలో లేదు.

ఆ రాత్రి బసలో 2018 ఆగస్టు నాటి కొచ్చి విమానాశ్రయం గురించి మా బృందం చాలాసేపు మాట్లాడుకుంది. పెరియార్ వరదకు 15న మూతపడి 29న గాని తెరుచుకోలేదు. రన్‌వే కోసం పక్కకు మళ్లించిన చెంగల్ తోడు అనే పాత కాలువ ప్రస్తావన ఆ వరద గురించిన చర్చల్లో వస్తుంది. మనకు మరీ దగ్గరి ఉదాహరణ ఉంది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన మర్నాడు విశాఖ విమానాశ్రయంలోకి నీరు చేరింది; ఆ విమానాశ్రయం మేఘాద్రిగెడ్డ జలాశయానికి దిగువన ఉంది. గెడ్డను పటం మీంచి చెరిపేయవచ్చు గానీ నేల మీంచి చెరపలేమని ఆ రాత్రి మా ఆమదాలవలస కుర్ర ఇంజనీరు అన్నాడు. మర్నాడు ప్రతిపాదనను వెనక్కి తీసుకోమని రాశాను.

గెడ్డ వెంట నడక

ఈసారి లెక్కకంటే ముందు నడిచాం. రెవెన్యూ కార్యాలయం నుంచి పాత గ్రామ పటం, పొలాల కొలత పటాలు తెచ్చుకుని, చెరువు మదుమును చాలా ఏళ్లు చూసుకున్న ఒక పెద్దాయనను వెంట రమ్మని బతిమాలాం. కొండ పాదం నుంచి మొగ దాకా రెండు రోజులు పట్టింది. ప్రహరీ గోడకు కొంచెం ఎగువన ఆయన ఆగి, "ఇది ఒక గెడ్డ కాదు బాబూ, రెండు. సిన్నది సెరువుకి, పెద్దది సముద్రానికి" అన్నారు. పటంలో చూస్తే గెడ్డ పోరంబోకు నిజంగానే అక్కడ రెండుగా చీలింది. చిన్న పాయ మొదటి దశ చదును పనుల్లో పూడిపోయింది. కొత్త ఏప్రాన్ పటంలో చివరి రెండు నిలుపు స్థలాలు పెద్ద పాయ నడుమ పడ్డాయి. ఒక్క వరద మార్గంలోంచి రెండు పాయల నీరు పోవాలని మేమందరం ప్రయత్నిస్తూ వచ్చాం. అందుకే ఒకసారి ముంపు, మరోసారి ఎండిన చెరువు.

పనిచేసినవి, వాటి వెనుక ఆలోచన

మొదటి నిర్ణయం పెద్ద పాయ మీద పడే రెండు నిలుపు స్థలాలను ఈ దశలో కట్టవద్దన్నది. ఇదే అన్నిటికంటే కష్టమైనది, ఎందుకంటే విస్తరణ అసలు లక్ష్యమే నిలుపు స్థలాలు. ఆపరేషన్స్ విభాగం వారితో కూర్చొని రోజువారీ పట్టిక చూస్తే, రద్దీ అంతా ఉదయం ఒక గంటలో పేరుకుపోయి ఉంది. దానికి ముందూ వెనుకా నిలుపు స్థలాలు ఖాళీ. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మొదలయ్యే శీతాకాల షెడ్యూలులో రెండు విమానాల సమయాలను అరగంట పైచిలుకు జరపగలిగితే ఆ గంటకు కొత్త నిలుపు స్థలాలు ఎనిమిది బదులు ఆరు చాలు. విమాన సంస్థలు ఒక దాన్ని వెంటనే, రెండో దాన్ని ఒక సీజను తర్వాత ఒప్పుకున్నాయి. షెడ్యూలు మార్చడానికి కాంక్రీటు అక్కర్లేదు. రద్దీ లెక్కను తేలిగ్గా ఒప్పుకుని కట్టడం మొదలుపెట్టే బదులు ఈ ప్రశ్న ముందే అడిగి ఉంటే ఆ ఒక హెక్టారు నేల మొదటినుంచీ పటం బయటే ఉండేది.

రెండోది, ఏ నీరు ఎటు పోవాలన్నది. అన్నీ ఒకటే నీరు కాదు. ఏప్రాన్ మీద ఇంధనం చిందుతుంది, నూనె కారుతుంది, తొలి వాన దాన్నంతా కడుగుతుంది. ఆ నీరు ఊరి చెరువుకు పోకూడదు. దాన్ని వేరే కాలువలో పట్టి, నూనె వేరుచేసే తొట్టె దాటించి, పెద్ద పాయలోకే వదిలేలా చేశాం. టెర్మినల్ కప్పు మీది నీరు, గడ్డి మీది నీరు, కొండ నుంచి వచ్చే నీరు మళ్లీ తెరిచిన చిన్న పాయ ద్వారా చెరువుకు. దీనికి కాలువల ఖర్చు పెరిగింది, నిర్వాహకులు గట్టిగా ప్రశ్నించారు. చెరువు కింద వరి పండుతుందని, పశువులు అదే నీరు తాగుతాయని చెప్పడం తప్ప నా దగ్గర వేరే వాదన లేదు. అది చాలింది.

మూడోది నిల్వ. మేము తవ్విన, ఎండని చెరువును పూడ్చకుండా, దాని అడుగును ఎత్తి, వాలు సరిచేసి, గడ్డి నాటి, వాన రోజున మాత్రమే నీరుండే పల్లంగా మార్చాం. బయటికి పోయే గొట్టాన్ని సెకనుకు 0.5 ఘనపు మీటర్లకు మించి వదలని సైజులో పెట్టాం. అంటే పాత నేల ఇచ్చినంతే. ఆ లెక్కన గంట జడివానకు నిండిన పల్లం వాన ఆగాక మూడున్నర గంటల్లో ఖాళీ అవుతుంది, కొంగలకు కుదురుకునే సమయం దొరకదు. ఇసుక నేలలోకి నీరు ఇంకుతుంది కదా, పల్లం ఇంకా చిన్నగా తవ్వవచ్చు కదా అని ఒకరు సూచించారు. పరీక్ష గోతులు తవ్వితే జూన్‌లో నీరు చూస్తుండగానే ఇంకింది. అక్టోబరులో అదే గోతుల్లో రెండున్నర అడుగుల లోతున భూగర్భజలం తగిలింది. తుపాను నెలల్లో నేల ముందే నిండి ఉంటుంది. అందుకని ఇంకుడును వరద లెక్కలో సున్నాగా తీసుకున్నాం. పార్కింగులో మాత్రం సందులున్న రాళ్లు పరిచాం, జూన్ నీటి కోసం.

నాలుగోది చిన్న పాయ, పెద్ద పాయ చీలే చోట పంపకం. షట్టరు పెడదామని చాలామంది అన్నారు. నేను వద్దన్నాను. అర్ధరాత్రి రెండు గంటలకు జోరు వానలో షట్టరు ఎవరు ఎత్తాలి, విమానాశ్రయం మనిషా, ఊరి మనిషా, ఎత్తకపోతే తప్పెవరిది అన్న ప్రశ్నకు సమాధానం లేదు. దానికి బదులు కదలని కట్టు కట్టాం. నీరు మొదట చిన్న పాయలోకే పోతుంది; మట్టం ఒక గీత దాటితే మిగిలింది తనంతట తానే పెద్ద పాయలోకి పొర్లుతుంది. ఆ గీత ఎక్కడ ఉండాలన్నది ఊరి పెద్దలు, ఆయకట్టు రైతులు, మేము కలిసి లెవెల్ యంత్రంతో చూసి నిర్ణయించాం. కాంక్రీటు పోయడానికి ముందు ఇసుక బస్తాలతో ఒక వానాకాలం నడిపి చూశాం. రైతుల కోరిక మీద నాలుగు అంగుళాలు పెంచాం.

ఊచల సంగతి చిన్నదే గానీ గోడను కాపాడింది అదే. గోడకు ఎగువన వాలుగా మరో వరుస ఊచలు పెట్టి, మనిషి నిలబడి పలుగుతో చెత్త లాగడానికి చప్టా కట్టించాం. వాలు ఊచల మీద చెత్త పైకి జరుగుతుంది, కింది నుంచి నీరు పోతూనే ఉంటుంది. సెప్టెంబరు మొదటి వారంలో, ఆ తర్వాత ప్రతి వాయుగుండం హెచ్చరికకూ శుభ్రం చేయాలని నిర్వహణ ఒప్పందంలో రాయించాం.

తర్వాత

ఆ తర్వాత వచ్చిన రెండు పెద్ద వానల్లో ఏప్రాన్ వాడుకలోనే ఉంది, గోడ నిలిచింది, కొత్త కల్వర్టు నిలిచింది. ఊరి చెరువు రెండో ఏడాది ఆగస్టు మూడో వారానికి మదుము దాటింది. ఉభాలు ఆలస్యంగానైనా పూర్తయ్యాయి. పల్లంలో నీరు ఒక రాత్రికి మించి నిలవలేదని విమానాశ్రయ వన్యప్రాణి విభాగం వారి పుస్తకంలో నమోదైంది.

ఇలాంటి పని చేతికొచ్చిన తోటి ఇంజనీర్లకు నేను అడిగేది రెండు పనులు. నిలుపు స్థలాల పటం గీయడానికి ముందే గ్రామ పటం మీది గెడ్డ పోరంబోకును దాని మీద పరిచి చూడండి. విస్తరణకు ముందు ఆ నేల ఎంత నీరు వదిలిందో కొలిచి, ఆ అంకెను ఒప్పంద పత్రంలోకి ఎక్కించండి. తర్వాత వచ్చే ప్రతి దశా దానికే కట్టుబడాలి. చంపావతి, గోస్తనీ నదుల మధ్యనున్న మన తీర మండలాల్లో ఈ రెండు పనులకూ కావాల్సిన పటాలు తహసీల్దారు కార్యాలయాల్లో ఉన్నాయి, గెడ్డల దారి తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు.

పరిష్కారం కానిది ఒకటి మిగిలింది. పెద్ద పాయకు ఆనుకుని, అన్నిటికంటే పల్లంలో ఉన్న ఐదారు ఎకరాలు ఇప్పటికీ గట్టి వాయుగుండానికి రెండు రోజులు మునుగుతాయి. అవి విస్తరణకు ముందు కూడా మునిగేవని నిర్వాహకుల వాదన. ఒక్క రోజే మునిగేవని రైతుల మాట. పాత కొలతలు లేవు కాబట్టి ఎవరి మాటనూ నిరూపించలేను, కానీ నేను రైతుల మాటనే నమ్ముతున్నాను. ఆ పొలాల గట్టున రెండు కొలత రాళ్లు పాతించి, మునిగిన గంటలు రాయడం ఆ రైతులకే అప్పగించాను. మూడు వానాకాలాల లెక్క చేతికొచ్చాక పరిహారం దస్త్రం మళ్లీ కలెక్టరు ముందు పెట్టాలి. ఇప్పటికి ఒకటి పూర్తయింది.